వంతెన కింద మందం

గ్రోనింగెన్‌లో వాన, ఏటవాలుగా.
ఆసుపత్రి నేలమాళిగలో
అయస్కాంతం గది ముందు డౌవె
జేబులు ఖాళీ చేస్తున్నాడు:
తాళాలు, చిల్లర, పసుపు చెక్కతో ఒక మడత స్కేలు.
"ఇదెందుకు తెచ్చారు?" అంది వీట్స్కె.
"అలవాటు."

ఇరవై చలికాలాలు అతను ఊరికి మంచు పెద్ద.
కాలువ గడ్డకట్టిన తెల్లారుజామున
బరమాతో బెజ్జం వేసి, స్కేలు దింపి,
పదిహేను సెంటీమీటర్లుంటేనే జెండా ఎత్తేవాడు.
పద్నాలుగున్నరకి ఎత్తమని
మేయరే వచ్చి బతిమాలినా ఎత్తలేదు.

ఇప్పుడు అతని కాళ్ళే
ఎవరో లోపల్నించి గడ్డకట్టించినట్టు బిగుసుకుంటాయి.
నలభై రెండేళ్ళు. స్కేట్లు అటక మీద.
తల్లి ఆల్ట్యె కూడా చివర్లో తూలేది.
వయసన్నారు. చాటుగా, తాగుడన్నారు.
ఆమె జన్మలో చుక్క ముట్టలేదు.

వెన్నుపాము.
చిటికెన వేలంత లావుండదు.
కుబుసం విడిచే ప్రతి పాముకీ
కింద కొత్త చర్మం సిద్ధంగా ఉంటుంది,
ఈ పాముకి లేదు.
పొర పోతే పోయిందే. ఇక ఉత్త తీగ.
మడమ నుంచి బయల్దేరిన కబురు
దారిలోనే చల్లారిపోతుంది.

మామూలు బొమ్మ చూసి పోయినసారి డాక్టరు
"బాగానే ఉంది, కాస్త సన్నం" అన్నాడు.
"కాస్త" అనేది స్కేలు మీద ఎక్కడుంటుందని
డౌవె అడిగాడు.
అందుకే ఇవాళ ఈ రెండో గది.

యంత్రానికీ మైలిన్ కనపడదు, నిజానికి.
దాని పొరల మధ్య ఇరుక్కున్న నీళ్ళని పలకరిస్తుంది.
ఇరుకులోని నీళ్ళు ముందే మాట మానేస్తాయి,
ఆరుబయటి నీళ్ళు ఇంకా చెబుతూనే ఉంటాయి.
ముందు ఊరుకున్నవెన్నో, అదే లెక్క.
బరమా లేదు, బెజ్జం లేదు.

"మింగకండి" అంటుంది వీట్స్కె మైకులో.
మింగితే మెడ కదులుతుంది, పది నిమిషాల కొలత గంగపాలు.
మింగొద్దంటే ఎవరికైనా నోరూరుతుంది.
ఢక్ ఢక్ ఢక్, ఆపైన తుమ్మెద రొద.
గొంతులో ఒక గుటకని అతను
గుప్పిట్లో పిచికలా పట్టుకుని పడుకున్నాడు.

నిరుడు వందకి ఇరవై ఆరు. ఈ ఏడు ఇరవై మూడు.
"యంత్రం పొరపాటు ఎంత?"
"రెండు, అటో ఇటో."
"అయితే నాకు మిగిలిన నిజం ఒకటి" అన్నాడు, నవ్వకుండా.
"ఎంతుంటే జెండా ఎత్తొచ్చు?"
"ఆ పట్టిక ఇంకా లేదు. మీలాంటి వాళ్ళతోనే రాస్తున్నాం."

"ఎక్కడ కొలిచారు?"
"మెడ దగ్గర."
"ఇంకా కిందకి?"
"అక్కడ ఊపిరి కదిపేస్తుంది, గుండె తోసేస్తుంది. కొలత నిలవదు."
"వంతెన కిందన్నమాట."
ఆమెకి అర్థం కాలేదు.
వంతెన కింద మంచు ఎప్పుడూ పలచనే,
స్కేలు దింపడానికి చెయ్యి అందదు,
మునిగేవాళ్ళు మునిగేది అక్కడే.

వరండాలో కూతురు ఫ్రౌక్యె, పంతొమ్మిదేళ్ళది,
కాగితం కప్పులో కాఫీ చల్లారనిస్తూ.
కొడుక్కి ఇవ్వలేనిది, కూతురికి ఇవ్వక తప్పనిది
తండ్రి దగ్గర ఒకటుంది, ఆ ఒక్క ఎక్స్.
ఆ సంగతి ఆమె బడిలోనే చదివేసింది.
ఆడవాళ్ళకి చాలా ఏళ్ళకి గాని రాదంటారు,
వచ్చినా కొంచెమే అంటారు.
కొంచెం. కాస్త.

"నాదీ కొలవండి" అంది.
"నీకేం, పరిగెడుతున్నావు" అన్నాడు తండ్రి.
"ఎవరూ ఎక్కకముందే కదా నాన్నా
నువ్వు కొలిచేది."

కాగితాలు కావాలి, సంతకాలు కావాలి,
మార్చిలోనేమో చూద్దామంది వీట్స్కె.
ఫ్రౌక్యె అప్పటికే చెవిపోగులు తీసి
తండ్రి అరచేతిలో పెట్టేసింది,
మడత స్కేలు పక్కన.